బాగ్రాం గోడౌన్‌లో దెబ్బ, చెన్నై నుంచి నష్టపరిహారం: నా అనుభవం

అఫ్గానిస్తాన్‌లో అమెరికా సైన్యం యుద్ధం చేసిన కాలంలో ఆ సైన్యానికి తిండి, నీళ్ళు, ఇంధనం, విడిభాగాలు అందించిన వాళ్ళలో ఎక్కువ మంది సైనికులు కారు. 2012 నాటికి అక్కడ అమెరికా రక్షణ శాఖ కాంట్రాక్టుల కింద పనిచేసే పౌర ఉద్యోగుల సంఖ్య లక్ష దాటింది. ఆ దేశంలో అప్పుడున్న అమెరికా సైనికుల సంఖ్య కంటే అది ఎక్కువ. ఆ శాఖ తన లెక్కల్లో వీళ్ళను అమెరికా పౌరులు, స్థానికులు, మూడో దేశస్థులు అని మూడు వర్గాలుగా చూపించేది. భారతీయులు, నేపాలీలు, ఫిలిప్పీన్స్ వాళ్ళు మూడో వర్గంలోకి వస్తారు. నేను ఆ వర్గంలో ఒకడిగా బాగ్రాం వైమానిక స్థావరంలో స్టోర్‌కీపరుగా పనిచేశాను, మోకాలికి దెబ్బ తగిలి చెన్నై తిరిగి వచ్చాను, ఇక్కడే ఉండి అమెరికా చట్టం ప్రకారం నష్టపరిహారం రాబట్టుకున్నాను. ఆ హక్కు మన వాళ్ళకు కూడా ఉందన్న సంగతి తెలియక చాలామంది చేతులు ముడుచుకుని కూర్చోవడం చూశాను కాబట్టి, జరిగినదంతా వరసగా రాస్తున్నాను.

మాది నెల్లూరు జిల్లా నుంచి వచ్చి తండయార్‌పేటలో స్థిరపడిన కుటుంబం. నాన్న హార్బరులో ట్యాలీ క్లర్కుగా రిటైరయ్యారు. నేను డిగ్రీ చదివాక మణలి దగ్గర ఒక కంటైనర్ యార్డులో పనికి కుదిరాను. సీలు నంబరు సరిచూడడం, సరుకు దించేటప్పుడు లెక్క రాయడం, దెబ్బతిన్న పెట్టెలను వేరుగా పెట్టించి రిపోర్టు తయారుచేయడం అక్కడే నేర్చుకున్నాను. ఆ అనుభవం చూసే ఒక ఏజెంటు నాకు బాగ్రాం పని చూపించాడు. ఒప్పందంలో మూల జీతం నెలకు 780 డాలర్లు, తిండి, బస ఉచితం. అమ్మ ఒప్పుకోలేదు. 2006లో హైదరాబాదుకు చెందిన ఒక టెలికాం ఇంజనీరును తాలిబాన్లు అపహరించి చంపిన వార్త ఆమె మనసులో అలాగే ఉండిపోయింది. అయినా చెల్లెలి పెళ్ళి అప్పు తీరాలంటే నాకు మరో దారి కనిపించలేదు.

మన దేశపు వలస చట్టం 1983 నాటిది. పదో తరగతి పాస్ కాని వాళ్ళు అఫ్గానిస్తాన్, ఇరాక్, గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రంట్స్ అనే కేంద్ర ప్రభుత్వ వలస కార్యాలయం అనుమతి ఉండాలి. చెన్నైలో కూడా ఆ కార్యాలయం ఉంది. నేను డిగ్రీ చదివినవాణ్ణి కావడం వల్ల నాకు ఆ అనుమతి అక్కరలేదని ఏజెంటు సంతోషంగా చెప్పాడు. అది నిజమే, కానీ ఆ సౌకర్యం వెనుక ఒక లోటు ఉంది. అనుమతి అవసరమైన వాళ్ళ ఉద్యోగ ఒప్పందాన్ని ప్రభుత్వం చూస్తుంది, వాళ్ళకు 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ తప్పనిసరి. నా ఒప్పందాన్ని మన ప్రభుత్వంలో ఎవరూ చూడలేదు, ఆ బీమా నాకు లేదు. చదువుకున్నవాడు తన బాగోగులు తానే చూసుకుంటాడన్న నమ్మకం మీద ఆ నిబంధన నిలబడి ఉంది. యుద్ధం జరుగుతున్న చోటికి వెళ్ళే వాళ్ళ విషయంలోనైనా చదువుతో సంబంధం లేకుండా ఒప్పందాన్ని పరిశీలించాలని నా గట్టి అభిప్రాయం.

ఏజెంటు నా దగ్గర లక్షకు పైగా తీసుకున్నాడు. ఇప్పటి నిబంధన ప్రకారం మన దేశంలో రిజిస్టరైన ఏజెంటు తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలకు, దానిపై జీఎస్టీకి మించకూడదు. అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టుల విషయంలో ఆ దేశం ఇంకా కఠినంగా ఉంది. 2012 సెప్టెంబరులో అధ్యక్షుడు ఒబామా ఇచ్చిన ఉత్తర్వు, దాని ఆధారంగా 2015లో వచ్చిన నియమాలు కార్మికుడి నుంచి నియామక రుసుము వసూలు చేయడాన్ని, అతని పాస్‌పోర్టు లాక్కోవడాన్ని నిషేధించాయి. నేను బయలుదేరింది 2012 ఎండాకాలంలో, ఆ ఉత్తర్వుకు ముందే.

దుబాయిలోని ఒక లేబర్ క్యాంపులో కొన్ని వారాలు ఎదురుచూశాక నా పేరు మీద అధికార పత్రం వచ్చింది. దాన్ని అక్కడ అందరూ ఎల్‌ఓఏ అంటారు. అది చేతిలో లేనిదే సైనిక విమానం ఎక్కనివ్వరు, స్థావరంలో భోజనశాలలోకి రానివ్వరు. ఆ ఉద్యోగికి తిండి, బస, వైద్యం, రవాణాలలో ఏవేవి అనుమతించారో అందులో రాసి ఉంటుంది. మనవాళ్ళు సాధారణంగా పట్టించుకోని ఇంకో రెండు వివరాలు కూడా ఉంటాయి: ప్రధాన కాంట్రాక్టు నంబరు, ప్రధాన కాంట్రాక్టరు పేరు. నా జీతం ఇచ్చే కంపెనీ ఆ ప్రధాన కాంట్రాక్టరుకు సబ్‌కాంట్రాక్టరు. నాన్న హార్బరు అలవాటు కొద్దీ ప్రతి కాగితానికీ నకలు తీయమని చెప్పి పంపారు. ఆ నకలే తరవాత నన్ను ఆదుకుంది.

బాగ్రాంలో పని చెన్నై యార్డులో పనిలాగే మొదలయ్యేది కానీ సరుకును విభజించే పద్ధతి వేరు. అమెరికా సైన్యం సరఫరాలను పది తరగతులుగా లెక్కపెడుతుంది. ఒకటో తరగతి ఆహారం, నీళ్ళు, మూడోది ఇంధనం, కందెనలు, అయిదోది మందుగుండు, ఎనిమిదోది వైద్య సామగ్రి, తొమ్మిదోది విడిభాగాలు. మా గోడౌన్‌లో ఒకటో తరగతి, తొమ్మిదో తరగతి ఉండేవి. మందుగుండు దగ్గరికి మూడో దేశస్థులమైన మమ్మల్ని రానిచ్చేవాళ్ళు కారు. కంటైనర్ల మీద రేడియో ట్యాగులు ఉండేవి. గేటు దగ్గర రీడరు వాటిని చదవగానే లోపలి సరుకు వివరాలు కంప్యూటరులోకి వచ్చేవి, మేము తలుపు తెరిచి అసలు సరుకుతో పోల్చి చూసేవాళ్ళం. రోజుకు పన్నెండు గంటల షిఫ్టు, వారాంతపు సెలవు లేదు.

ఆ ఏడాది సరుకు రవాణా ఎంత కష్టంగా ఉందో గోడౌన్‌లో నిలబడితే తెలిసేది. అఫ్గానిస్తాన్‌కు సముద్రతీరం లేదు. కరాచీ రేవులో దిగిన సరుకు తోర్ఖమ్ లేదా చమన్ సరిహద్దు దారుల మీదుగా లారీల్లో రావాలి. 2011 నవంబరులో సరిహద్దు దగ్గర సలాలాలో అమెరికా నేతృత్వంలోని సేనల వైమానిక దాడిలో 24 మంది పాకిస్తాన్ సైనికులు చనిపోయాక పాకిస్తాన్ ఆ దారులు మూసేసింది, 2012 జులైలో గానీ తెరవలేదు. ఆ నెలల్లో సరుకు బాల్టిక్ తీరపు రేవుల్లో దిగి, రష్యా, కజాఖ్‌స్తాన్, ఉజ్బెకిస్తాన్‌ల మీదుగా రైళ్ళలో వేల కిలోమీటర్లు తిరిగి వచ్చేది. దారులు తెరిచాక కరాచీలో ఇరుక్కుపోయిన పాత కంటైనర్లు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. ఎండకు డబ్బాలు ఉబ్బినవి, సీలు తెగినవి, ట్యాగు బ్యాటరీ అయిపోయి లోపల ఏముందో తెలియనివి. వాటన్నిటినీ తెరిచి, లెక్క రాసి, పనికిరాని ఆహారాన్ని వేరుచేసి, విడిభాగాలను అరలకు ఎక్కించింది మాలాంటి పౌర ఉద్యోగులే. ఆ పని సరిగా చేశామన్న తృప్తి నాకు ఇప్పటికీ ఉంది.

2013 నుంచి పని దిశ మారింది. సరుకు లోపలికి రావడం తగ్గి, వెనక్కి పంపడం పెరిగింది. వాహనాలను, యంత్రాలను మట్టి లేకుండా కడిగి, పనికొచ్చేవి, పనికిరానివి వేరుచేసి, పట్టిక రాసి పంపాలి. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం రాకెట్ దాడి సైరన్ మోగింది. సైరన్ వినగానే ఉన్నచోటనే నేల మీద పడుకోవాలి, తరవాత కాంక్రీటు బంకరులోకి పరుగెత్తాలి. నేను నేల మీద ఉన్నప్పుడు రాకెట్ ఎక్కడో దగ్గరలోనే పడింది. ఆ అదురుకు పక్కన ఎత్తుగా పేర్చిన ప్యాలెట్ల వరస ఒరిగి, వాహనాల విడిభాగాలున్న పెట్టె ఒకటి నా ఎడమ మోకాలి మీద పడింది. స్థావరంలోని సైనిక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, కట్టుకట్టి, మంచి వైద్యమే చేశారు. నెల తిరగకముందే కంపెనీ నన్ను దుబాయి మీదుగా చెన్నైకి పంపించేసింది. సెలవు అన్నారు. ఆ సెలవులో ఉండగానే కాంట్రాక్టు ముగిసిందని ఈమెయిలు వచ్చింది.

ఇక్కడ మోకాలికి ఆపరేషను జరిగింది. ఖర్చంతా మాదే. కంపెనీకి ఎన్నిసార్లు రాసినా "మీ విషయం పరిశీలనలో ఉంది, బీమా కాగితాలు మేమే పంపుతాం" అన్న జవాబు తప్ప మరొకటి రాలేదు. అలా ఏడాది దాటింది. అప్పుడు బాగ్రాంలో నాతో పనిచేసిన, రాజమండ్రికి చెందిన అన్న ఒకాయన ఫోను చేశారు. ఆయన ఇరాక్‌లో కూడా పనిచేసినవారు. "తమ్ముడూ, కంపెనీ చుట్టూ తిరగడం మానెయ్. నీకు డబ్బివ్వాల్సింది బీమా సంస్థ. డిఫెన్స్ బేస్ యాక్ట్ అని ఒక చట్టం ఉంది. నువ్వు ఏ దేశం వాడివన్నది దానికి అడ్డం కాదు. ముందు ఆ బీమా సంస్థ ఎవరో కనుక్కో" అన్నారు.

విదేశీ స్థావరాల్లో అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టుల కింద పనిచేసే పౌరులకు గాయమైతే పరిహారం ఇప్పించే ఆ చట్టాన్ని అమెరికా 1941 ఆగస్టులో చేసింది. అంతకుముందు ఏడాది బ్రిటన్‌కు 50 యుద్ధనౌకలు ఇచ్చి, బదులుగా అట్లాంటిక్, కరీబియన్ ప్రాంతాల్లో స్థావరాలకు చోటు తీసుకుంది. వాటిని కట్టడానికి వెళ్ళే పౌర కార్మికులకు రక్షణ కావాలి. ఆ డిసెంబరులోనే జపాన్ సైన్యం వేక్ ద్వీపాన్ని ఆక్రమించినప్పుడు అక్కడ సైనిక స్థావరం కడుతున్న సుమారు 1,100 మంది పౌర కార్మికులు బందీలయ్యారు. ద్వీపంలో మిగిల్చుకున్న 98 మందిని 1943 అక్టోబరులో జపాన్ సేనలు చంపేశాయి. 1942లో అమెరికా యుద్ధ ప్రమాదాల పరిహార చట్టం కూడా చేసింది. సైన్యం వెంట పౌరులు దేశం దాటి వెళ్ళడం మనకూ కొత్త కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మన దేశం నుంచి పోరాటేతర పనులకు అయిదున్నర లక్షలకు పైగా మందిని చేర్చుకున్నారు. వాళ్ళ గురించి మన ఇళ్ళల్లో చెప్పుకునేది చాలా తక్కువ.

బీమా సంస్థ పేరు చెప్పమని అడిగితే నా కంపెనీ మౌనం వహించింది. అప్పుడు ఎల్‌ఓఏ నకలు తీశాను. చట్టం ప్రకారం సబ్‌కాంట్రాక్టరు బీమా చేయించకపోతే ఆ బాధ్యత ప్రధాన కాంట్రాక్టరు మీద పడుతుంది. అందువల్ల కాంట్రాక్టు నంబరు, నా పేరు, ప్రమాదం జరిగిన తేదీ రాసి ప్రధాన కాంట్రాక్టరుకు ఈమెయిలు పంపాను. కొద్ది రోజుల్లోనే బీమా సంస్థ పేరు, పాలసీ వివరాలు వచ్చాయి. ఏడాదికి పైగా దొరకని సమాచారం అది.

తరవాత ఎల్‌ఎస్-203 అనే దరఖాస్తు నింపి అమెరికా కార్మిక శాఖకు పంపాను. దరఖాస్తుకు రుసుము లేదు. దానికి జతచేయాల్సిన వైద్య నివేదిక దగ్గర చాలా సమయం పట్టింది. మన ఆసుపత్రుల డిశ్చార్జి కాగితంలో జబ్బు పేరు, ఆపరేషను పేరు, మందులు మాత్రమే ఉంటాయి. వాళ్ళకు కావలసింది వివరమైన ఉత్తరం: గాయం ఎలా తగిలింది, ఆ గాయానికీ ఇప్పటి స్థితికీ సంబంధం ఉందా, ఎంత బరువు ఎత్తగలడు, ఎంతసేపు నిలబడగలడు, ఇక ఇంతకంటే మెరుగుపడని దశకు ఎప్పుడు చేరాడు, కాలి శక్తిలో ఎంత శాతం శాశ్వతంగా పోయింది. నాకు ఆపరేషను చేసిన డాక్టరు గారు ఓపికగా విని, ప్రశ్నలన్నీ ముందు పెట్టుకుని రెండు పేజీల ఉత్తరం రాసి ఇచ్చారు. ఆయన రుణం నేను తీర్చుకోలేను.

బీమా సంస్థ మొదట తిరస్కరించింది. ఎల్‌ఎస్-207 అనే అభ్యంతర పత్రంలో మూడు కారణాలు చూపించింది. ఏడాది గడువు దాటింది, మోకాలి అరుగుదల పాతది, జీతం లెక్క మూల జీతం ప్రకారమే ఉండాలి. ఈ దశలో చాలామంది ఆశ వదులుకుంటారని ఆ తరవాత తెలిసింది. నేను ఒక అమెరికా న్యాయవాదిని సంప్రదించాను. ఈ చట్టం కింద న్యాయవాది కార్మికుడి దగ్గర నేరుగా ఫీజు తీసుకోకూడదు. అధికారి ఆమోదం లేకుండా తీసుకుంటే అది నేరం. అభ్యంతరం పెట్టిన కేసులో కార్మికుడు గెలిస్తే ఫీజును బీమా సంస్థే చెల్లిస్తుంది. చెన్నైలో కూర్చుని డాలర్లలో ఫీజు ఎక్కడినుంచి తేవాలన్న భయం ఆ మాటతో పోయింది.

గడువు విషయంలో చట్టం మా వైపే ఉంది. మామూలుగా గాయం తగిలిన ఏడాదిలోగా, లేదా చివరి చెల్లింపు జరిగిన ఏడాదిలోగా దరఖాస్తు చేయాలి. అయితే గాయం సంగతి తెలిసిన యజమాని పది రోజుల్లోగా కార్మిక శాఖకు మొదటి నివేదిక పంపాలి. అది పంపేదాకా కార్మికుడి గడువు మొదలే కాదు. నా కంపెనీ ఆ నివేదిక పంపలేదు. స్థావరంలోని ఆసుపత్రి కాగితం, కంపెనీ సూపర్‌వైజరు సంతకంతో ఉన్న ప్రమాద నివేదిక నా దగ్గర ఉన్నాయి కనుక వాళ్ళకు తెలియదనే మాట నిలబడలేదు. మోకాలి అరుగుదల విషయంలోనూ అంతే. పనిలో గాయం తగిలిందని, ఆ గాయం వల్ల ఈ స్థితి రాగలదని కార్మికుడు చూపిస్తే, సంబంధం ఉందనే చట్టం మొదట భావిస్తుంది. లేదని ఆధారాలతో చూపించాల్సిన భారం ఎదుటివారిది.

బీమా సంస్థ తరఫున చెన్నైలోనే మరో డాక్టరు నన్ను పరీక్షించారు. ఆ తరవాత కార్మిక శాఖ అధికారి ఫోనులో సమావేశం పెట్టారు. మనకు రాత్రి, వాళ్ళకు ఉదయం. సంస్థ ప్రతినిధి సైరన్ గురించి, రాకెట్ ఎంత దూరంలో పడిందన్న విషయం గురించి చాలా ప్రశ్నలు అడిగారు. నన్ను అబద్ధాలకోరుగా చూపించడానికే అడుగుతున్నారని మొదట భయపడ్డాను. న్యాయవాది చెప్పిన కారణం వేరు. గాయం యుద్ధ ప్రమాదం వల్ల కలిగితే, బీమా సంస్థ చెల్లించినదాన్ని 1942 నాటి చట్టం ప్రకారం అమెరికా ప్రభుత్వం ఆ సంస్థకు తిరిగి ఇస్తుంది. అంటే సైరన్ మోగిందన్న సాక్ష్యం వాళ్ళకే ఎక్కువ అవసరం. ఆనాటి తేదీ, సమయం నేను రాసి పెట్టుకున్నవి ఇచ్చాను, అక్కడినుంచి వాళ్ళ ధోరణి మారింది.

లెక్క ఎలా కట్టారో చెబుతాను, ఎందుకంటే చాలామంది మోసపోయేది ఇక్కడే. ముందు సగటు వారపు జీతం తేల్చాలి. మూల జీతం 780 డాలర్ల ప్రకారం అది 180 డాలర్లు. కానీ అదనపు గంటలతో కలిపి నెలకు సగటున 1,040 డాలర్లు నా బ్యాంకులో పడేవి. ఆ లెక్కన వారానికి 240. బ్యాంకు స్టేట్‌మెంటు చూపించడంతో రెండోదాన్నే ఒప్పుకున్నారు. పరిహారం అందులో మూడింట రెండు వంతులు, అంటే వారానికి 160 డాలర్లు. అసలు పని చేయలేకపోయిన కాలానికి ఆ రేటు చొప్పున మొత్తం ఇవ్వాలి. శాశ్వత నష్టానికి చట్టంలోనే పట్టిక ఉంది: చెయ్యి పూర్తిగా పోతే 312 వారాలు, కాలు పోతే 288 వారాలు, కన్ను పోతే 160 వారాలు. మా డాక్టరు నా కాలికి 20 శాతం నష్టం అన్నారు, సంస్థ డాక్టరు 10 అన్నారు, చివరికి 15 దగ్గర ఒప్పందం కుదిరింది. 288 వారాల్లో 15 శాతం అంటే 43.2 వారాలు, 160 చొప్పున 6,912 డాలర్లు. ఆపరేషను ఖర్చు, ఆసుపత్రికి తిరిగిన ప్రయాణ ఖర్చు వేరుగా వచ్చాయి.

మొత్తం ఒకేసారి ఇచ్చి, భవిష్యత్తు వైద్యంతో సహా కేసు మూసేద్దామని కూడా సంస్థ ప్రతిపాదించింది. సొమ్ము ఇంకొంచెం ఎక్కువ. ఇంట్లో అందరం కూర్చుని ఆలోచించాం. మోకాలికి రేపు ఇంకో ఆపరేషను అవసరం కావచ్చని డాక్టరు గారు చెప్పి ఉన్నారు కాబట్టి వైద్యం హక్కును అమ్ముకోవడం నాకు ఇష్టం లేకపోయింది. పట్టిక ప్రకారం పరిహారం తీసుకుని వైద్యం హక్కును అలాగే ఉంచుకున్నాను. ఈ చట్టంలో నాకు అన్యాయంగా తోచిన నిబంధన కూడా ఒకటి ఉంది. అమెరికాలో నివసించని విదేశీయులకు శాశ్వత వైకల్యానికో మరణానికో ముందు ముందు రావలసిన వాయిదాలను ఇప్పటి విలువ కట్టి, అందులో సగం మాత్రమే ఒకేసారి ఇచ్చి చేతులు దులుపుకోవడానికి అది వీలు కల్పిస్తుంది. ఒకే గోడౌన్‌లో, ఒకే సైరన్ కింద పనిచేసిన ఇద్దరిలో ఒకరికి సగం విలువ కట్టడాన్ని నేను ఏ విధంగానూ సమర్థించలేను.

ఇప్పుడు నేను మాధవరంలో ఒక గోడౌన్‌లో కూర్చుని చేసే పని చేస్తున్నాను. ఉత్తర చెన్నైలోని తెలుగు కుటుంబాల వాళ్ళు ఎవరైనా ఇలాంటి కాగితాలతో వస్తే దరఖాస్తు నింపడంలో సాయం చేస్తాను. ప్రస్తుతం చేతిలో ఉన్నది ఇరాక్‌లో ఒక స్థావరంలో చనిపోయిన పెళ్ళికాని కుర్రాడి కేసు. మన లాంటి విదేశీ కుటుంబాల్లో మరణ పరిహారం భార్యాబిడ్డలకు వస్తుంది. వాళ్ళు లేకపోతే తల్లిదండ్రులకు, అదీ గాయం తగిలిన తేదీకి ముందు ఏడాది పాటు కొంతైనా అతని సంపాదన మీద వాళ్ళు ఆధారపడి ఉంటేనే. ఆ కుర్రాడు ప్రతి నెలా తల్లి ఖాతాకు డబ్బు పంపేవాడు. ఆ ఏడాది పాస్‌బుక్ పేజీలు, ఇంటి అద్దె రసీదులు, తండ్రి మందుల బిల్లులు జతచేసి, తమిళంలో ఉన్నవాటికి ఇంగ్లీషు అనువాదాలు చేయించి, నోటరీ సంతకంతో పంపించాం. బీమా సంస్థ జవాబు ఇంకా రావలసి ఉంది.